రేకు విన్న మాటలు

బేగంపేట పాత విమానాశ్రయంలో ఇప్పుడెవరూ పెద్దగా పోని మూల ఒక హ్యాంగరుంది. అందులో ఆరేళ్లుగా ఒక ఆవ్రో విమానం బాగవుతోంది. రెండు ప్రొపెల్లర్లు, నలభై ఎనిమిది సీట్లు, కోడిగుడ్డు ఆకారపు కిటికీలు. దాని రిజిస్ట్రేషన్‌లో చివరి అక్షరం జె. విమానాల వాళ్ల భాషలో జె అంటే జూలియట్. అందుకని డ్యూటీలో ఉన్న రోజుల్నుంచీ దాన్ని అందరూ జూలియట్ అనే పిలిచేవారు. అందులో ప్రేమా లేదు, దోమా లేదు. ఆ పేరుకు తగ్గ కథ ఆ విమానంలోనే ఒకటి నడిచిందన్నది వేరే సంగతి.

బాగుచేస్తున్నవాళ్లంతా రిటైరైన మెకానిక్కులు. వాళ్లకో సంఘం, సంఘానికో బోర్డు, బోర్డు కింద ఎప్పుడూ మరుగుతుండే టీ. జనవరిలో ఇంజన్లు తిప్పి జూలియట్‌ను పాత రన్‌వే మీద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిపించాలని వాళ్ల పంతం. ఎగరకపోయినా ఫర్వాలేదు, తన కాళ్ల మీద తను నడవాలి. చుట్టుపక్కల ఎక్కడా ఇలాంటి విమానం నిండు శరీరంతో మిగల్లేదు. ఒకచోట ముక్కు ఉంది, ఇంకోచోట హోటలువాడు పెట్టుకున్న తోక ఉంది.

రేకుల పని బాలనర్సుది. డెబ్బై అయిదేళ్ల మనిషి, ముప్పై నాలుగేళ్లు విమానాలకు రేకులు బిగించాడు. రివెట్టు కొట్టడం ఒక్కడి పని కాదు. బయట ఒకరు గన్నుతో కొడుతుంటే లోపల ఇంకొకరు డాలీ అనే ఇనుప దిమ్మెను రివెట్టు చివరకు ఆనించి పట్టుకోవాలి. మధ్యలో రేకు అడ్డం. మొహాలు కనబడవు, చప్పుడుకు మాటలు వినబడవు. అందుకే ఈ పనివాళ్లు రేకు మీద తట్టి మాట్లాడుకుంటారు. లోపలివాళ్లు ఒకసారి తడితే ఇంకా కొట్టమని. రెండుసార్లు తడితే సరిపోయిందని. మూడుసార్లు తడితే చెడిపోయింది, పీకి పారెయ్యమని.

జోడీదారుకు మోకాళ్లు అరిగిపోయాక బాలనర్సు కోసం డాలీ పట్టుకోవడానికి ఎవరూ దొరకలేదు. తోకలోని ఇరుకు సందుల్లోకి దూరాలంటే సన్నటి మనిషి కావాలి. చివరికి అతని భార్య ఎస్తేరే చీర మీద పాత చొక్కా తొడుక్కుని వచ్చింది. డెబ్బై మూడేళ్లు ఆమెకు. ఇరవై ఏడేళ్ల కింద గొంతులో పుండు వచ్చి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి ఆమె మాట్లాడేది పలక మీదే. గొంతుకు ఆనించుకుంటే గుయ్యిమంటూ మాటలు పలికే మిషనొకటి ఇచ్చారుగానీ, అది ఈగ మాట్లాడినట్టుంటుందని ఆమె దాన్ని బీరువాలో పడేసింది. మాటే అక్కర్లేని పని దొరికేసరికి ఆమె చకచకా నేర్చేసుకుంది.

"నలభై ఎనిమిదేండ్ల కాపురంల కొట్లాట లేకుండ మాట్లాడుకునేది గీ రేకు మీదనే" అనేవాడు బాలనర్సు అందరిముందూ. లోపల్నుంచి వెంటనే మూడు దెబ్బలు వినబడేవి.

ఎస్తేరు ఈ విమానానికి కొత్త కాదు. డెబ్బై నాలుగు నుంచి డెబ్బై ఏడు దాకా ఇందులోనే ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసింది. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్ పిల్ల, చర్చిలో పాడి పాడి సానబట్టిన గొంతు. వెనక తలుపు పక్కన మైకు పట్టుకుని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఆమె స్వాగతం చెప్తుంటే ప్రయాణికులు పేపరు మడిచి వినేవారట. పెళ్లయితే ఉద్యోగం మానుకోవాలన్నారు కంపెనీవాళ్లు. మానుకుని రేకుల మెకానిక్కును చేసుకుంది. ఆమె కులమూ అతని కులమూ, ఆమె దేవుడూ అతని దేవుడూ వేరైనందుకు ఇరుపక్కల చుట్టాలూ రెండేళ్లు మొహాలు ముడుచుకుని, కూతురు పుట్టాక విప్పారు.

ఆ కూతురు శీల. లోహాల పరిశోధనశాలలో సైంటిస్టు. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె భుజాన సంచీ తగిలించుకుని హ్యాంగరులోకి వచ్చింది. సంచీలోంచి టిఫిన్‌డబ్బా అంత పొయ్యి లాంటి పరికరం, ఒక స్పీకరు, అరచేతంత రేకుముక్క తీసి బల్ల మీద పెట్టింది. రేకుముక్క బాలనర్సు ఇచ్చిందే. కుడివైపు కిటికీ కింద చెడిన చోట కోసి తీసినది.

"నాన్నా, విమానం పైకి పోయినప్పుడు రేకు ఏమైతది?" అంది.

"నన్నడుగుతున్నవా బిడ్డా? లోపల గాలి నింపుతరు, ఉబ్బుతది. దిగినంక సర్దుకుంటది. ఉబ్బినప్పుడల్ల లోపల సన్నటి గీత పడుతది. గీతలు ఎక్కువైతే పగులుతది."

"ఆ గీతలు ఖాళీగ లేవు నాన్నా. ఉబ్బిన రేకు బిగిసిన డప్పు లెక్క. లోపల ఎవరు మాట్లాడినా దానికి తగిలి అదురుతది. ఆ అదురు గీతల ఉండిపోయింది. మెల్లగ వేడి చేస్తే బయటికొస్తుంది. రెక్కలు ఎందుకు పగుల్తయో చూస్తుంటే అనుకోకుండ దొరికింది."

ఆమె రేకుముక్కను పరికరంలో బిగించి మీట నొక్కింది. మొదట బుర్రుమనే చప్పుడు. ఆమె ఏదో తిప్పింది, బుర్రుమనడం పల్చబడింది. ఎవరో దగ్గారు. ఒక మగగొంతు, "అమ్మా, జర మంచినీళ్లు" అంది. ఆ తర్వాత ఒక చిన్నపిల్ల చెవిలో చెప్పినంత దగ్గరగా, "డాడీ, మబ్బులు కింద పడిపోయినయ్!" అంది. అంతే, ఆగిపోయింది.

బాలనర్సు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. విమానం లోపల పనిచేస్తున్న ఎస్తేరు మెట్ల మీదికి వచ్చి నిలబడిపోయింది.

శీల రేకుముక్కను తీసి తండ్రి చేతిలో పెట్టింది. అతను వేలితో నొక్కితే తడిసిన అప్పడంలాగా వంగింది. "ఒక్కసారే నాన్నా. గొంతు బయటికొస్తే రేకుల బిగువు పోతది. మాట నేను రికార్డు చేసుకుంటగానీ, రేకు ఇగ పనికిరాదు."

తర్వాత చెప్పాలనుకున్నది ఆమె తల్లివైపు చూస్తూ చెప్పింది. వెనక తలుపు నుంచి తోకదాకా ఉన్న పదకొండు రేకులు మైకు పక్కన ఉన్నవి. వాటిని చదివితే ఎస్తేరు గొంతు గంటసేపైనా దొరుకుతుంది. అరగంట దొరికినా చాలు. ఆ గొంతుతోనే మాట్లాడే చిన్న మిషను తన స్నేహితులు చేసిస్తారు. పెదవులు కదిపితే చాలు, అది పలుకుతుంది. ఈగలా కాదు, ఎస్తేరులా.

"పదకొండు రేకులు మెత్తబడితే తోక నిలవదు" అన్నాడు బాలనర్సు నెమ్మదిగా.

"నిలవదు."

అంటే జనవరి లేదు. జూలియట్‌ను కోసి ముక్కు ఒక్కటీ ఎక్కడో నిలబెట్టుకోవాలి. ఆరేళ్ల పని, ఇరవై మంది ముసలివాళ్ల పంతం పోయినట్టే. అయినా బాలనర్సు మనసు ఒక్క క్షణం కూడా తూగలేదు. కారణం అతను ఎవరికీ చెప్పలేదు. ఎస్తేరు అన్న మాటలన్నీ అతనికి గుర్తున్నాయి. గొంతు గుర్తులేదు. ఆమె పాడిన క్యాసెట్టు ఒకటి ఉండేది, ఇంట్లోకి నీళ్లొచ్చిన ఏడాది బురదలో కలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ ఆమె గొంతు తలుచుకోబోతే రాలేదు. అద్దం ముందు సబ్బునురగతో చాలాసేపు నిలబడ్డాడు. మనిషి పక్కింట్లో కాదు, వంటింట్లోనే ఉంది. ఆమె గొంతును మాత్రం తను పోగొట్టుకున్నాడు. అది అతనికి దొంగతనం చేసినంత సిగ్గుగా ఉండేది.

"తీద్దాం బిడ్డా" అన్నాడు.

ఎస్తేరు మెట్లు దిగి వచ్చి పలక అందుకుంది. "వద్దు" అని రాసి అతని కళ్లముందు పెట్టింది.

"ఎందుకొద్దు? నీ గొంతు నీకు వస్తది."

ఆమె తుడిచి మళ్లీ రాసింది. "నాది పోయి ఇరవై ఏడేండ్లయింది. అలవాటయింది. దీనికి అలవాటు కాలే."

"ఇనుప సామానుకు అలవాటేంది ఎస్తేరూ?"

విమానాన్ని ఇనుప సామాను అన్నందుకు ఆమె అతన్ని ఎంత కోపంగా చూసిందంటే, శీల నవ్వాపుకోలేక స్పీకరు తీగలు చుట్టడం మొదలుపెట్టింది. ఎస్తేరు మళ్లీ విమానంలోకి వెళ్లిపోయింది. బాలనర్సు వెనకే వెళ్లి బయట్నుంచి రేకుకు చెయ్యి ఆనించి, "ఒక్కసారి ఆలోచించరాదే" అన్నాడు. అరచేతి కింద మూడు దెబ్బలు తగిలాయి, ఒకదానికంటే ఒకటి గట్టిగా.

అక్కడితో ఊరుకుంటే బాలనర్సు మంచివాడనిపించుకునేవాడు. ఊరుకోలేదు. మరుసటి ఆదివారం ఎస్తేరు చర్చికి వెళ్లగానే కూతురికి ఫోన్ చేశాడు. ఒక్క రేకు తీసి చూద్దామన్నాడు. అందులో గొంతు ఉందని తేలితే, దాన్ని ఒక్కసారి వింటే ఎస్తేరే కాదనలేదని అతని ఆశ. శీల, "నాక్కూడ అమ్మ పిలిచేది యాదికొస్తలేదు నాన్నా" అని వచ్చేసింది. తల్లి గొంతు పోయేనాటికి ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. తండ్రి దాచుకున్న సిగ్గే కూతురూ దాచుకుందన్నమాట.

ఇద్దరూ దొంగల్లాగా పనిచేశారు. మైకు ఉండే చోటికి సరిగ్గా ఎదురు రేకును ఎంచుకుని బాలనర్సు రివెట్ల తలలు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచాడు. వరస చూస్తూ, "ఫ్యాక్టరీ పని. ఇసొంటి సాపు పని ఇప్పుడేడ దొరుకుతది" అని మెచ్చుకున్నాడు కూడా. రేకు ఊడి చేతిలోకొచ్చాక ఆ కంతలోంచి అవతలి గోడ కనబడింది. ఆకాశంలో ఇన్నేళ్లు గాలి బయటికి పోకుండా కాపాడిన గోడకు తనే చిల్లు పెట్టాడు.

సోమవారం పొద్దున ఎస్తేరు ఆ చిల్లు చూసింది. టీ తాగుతున్న ముసలివాళ్లంతా ఎవరి గ్లాసుల్లోకి వాళ్లు చూసుకున్నారు. ఆమె ఆటో ఎక్కి మెట్టుగూడలోని ఇంటికి పోయి, గంటలో తిరిగొచ్చింది. చేతిలో గొంతు మిషను. దాన్ని మెడకు ఆనించుకుంది. ఏళ్లుగా వాడని ఆ ఈగ గొంతు హ్యాంగరంతా గుయ్యిమంది.

"ఎవర్నడిగి తీసినవ్?"

బాలనర్సు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"గొంతు నాది. నన్నడగాలె గదా. నీకు కావాల్నని తీసినవ్. నాకోసం కాదు."

"నిజమే" అన్నాడు అతను. అప్పటికి ఇంక దాచడానికేమీ మిగల్లేదు. "నాకు నీ గొంతు యాది లేదు ఎస్తేరూ. మర్చిపోయిన. ఎంత గుంజినా వస్తలేదు. నాకు శాన భయమైతాంది."

ఎస్తేరు మిషనును మెడమీదినుంచి దించింది. తర్వాత చొక్కా చేతితో అతని ముక్కు తుడిచి, పలక మీద రాసింది. "తీసింది ఎట్లయినా తీసినవ్. పద. ఏమున్నదో నేను గూడ వింట."

మంగళవారం ముగ్గురూ ప్రయోగశాలలో కూర్చున్నారు. రేకు పెద్దది, చదవడానికి పూట పట్టింది. అందులోంచి ఎందరో వచ్చిపోయారు. ఎవరో బీడీ కాల్చొద్దన్నారు. ఒక ముసలాయన గాయత్రి చదువుకున్నాడు, విమానం కుదిపినప్పుడల్లా మొదటికొచ్చాడు. ఒక ఎయిర్ హోస్టెస్ తమిళయాసతో స్వాగతం చెప్పింది. ఎస్తేరు ఒక్కసారిగా పలక లాక్కుని, "సరోజినీ! ట్రైనింగుల నా రూమ్మేటు!" అని రాసింది. సరోజిని పోయి పదేళ్లయింది. ఆమె మూడు భాషల్లో బెల్టులు కట్టుకోమంటుంటే ఎస్తేరు కళ్లనీళ్లతో నవ్వుతూ కూర్చుంది. ఇంకొకామె వచ్చింది. మరొకామె వచ్చింది. చివరి గీతదాకా చదివేశారు. ఎస్తేరు రాలేదు.

శీల కంప్యూటరు వంక చూసి నుదురు చిట్లించింది. "జూలియట్ ఎన్నిసార్లు ఎగిరింది నాన్నా?"

"ఇరవై నాలుగు వేలు, పైన."

"దీంట్ల గీతలు పద్దెనిమిది వేలే ఉన్నయి. ఈ రేకు విమానంతో పుట్టింది కాదు. తర్వాత ఎప్పుడో వేసిన్రు."

"ఎవడు వేసిండు? నాకు తెల్వకుంట..." అని బాలనర్సు ఆగిపోయాడు.

డెబ్బై తొమ్మిది. వెనక తలుపు పక్కనే టీ, కాఫీ కలిపే చోటు. ఏళ్లతరబడి ఒలికిన కాఫీ రేకు సందుల్లోకి దిగి తుప్పు తినేసింది. పెద్ద చెకింగులో ఆ పదకొండు రేకులూ మార్చారు. మార్చింది తనే. కొత్త రేకు వేసినట్టు కనబడితే ఆ పని పనే కాదని వాళ్ల మేస్త్రీ అనేవాడు. పనంటే చూసినవాడికి తెలియకూడదు. బాలనర్సు ఆ పనిని ఎంత బాగా చేశాడంటే, చేసిన తనకే తెలియలేదు. మొన్న ఆదివారం డ్రిల్లు పట్టుకుని మెచ్చుకున్నది తన చేతిపనినే.

అంటే మిగిలిన పది రేకుల్లోనూ ఎస్తేరు లేదు. ఒకపక్క బాలనర్సుకు గుండెలమీంచి బరువు దిగింది. జూలియట్‌ను కోసే పనిలేదు. ఇంకోపక్క ఆ బరువే మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ గొంతు ఇక ఎక్కడా లేదు.

ఎస్తేరు పలకతో అతని మోకాలు మీద కొట్టింది. "పాత రేకులేం చేసినవ్?" అని రాసి ఉంది.

"స్క్రాపుకు వేసిన్రు. అందరం తలా ఒక ముక్క ఇంటికి తెచ్చుకున్నం, అట్ల తెచ్చుకునుడు రివాజే గదా. ఒకడు పావురాల గూటికి తలుపు చేసిండు. ఒకడు పేరు బోర్డు. ఎవ్వరియీ లేవిప్పుడు. నేను..."

ఎస్తేరు తల ఊపింది. అతనికంటే ముందే ఆమెకు తట్టింది.

మెట్టుగూడ వంటింట్లో అన్నం గిన్నె మీద ఆ మూత ఇప్పటికీ ఉంది. పెళ్లయ్యాక బాలనర్సు తన చేత్తో చేసిచ్చిన మొదటి వస్తువు. మైకు పక్కనున్న రేకులోంచే కోశాడు, తుప్పు తగలని భాగం చూసి. అంచు చుట్టి, మధ్యలో పట్టుకోవడానికి అదే రేకుతో పట్టీ వంచి బిగించాడు. స్టీలు మూతలు ఎన్నొచ్చినా ఎస్తేరు దాన్ని మార్చలేదు. రోజుకు రెండుపూటల చొప్పున నలభై ఆరేళ్లు అది ఉడికే అన్నం మీద కూర్చుంది.

శీల మూతను బోర్లించి చూసింది. ప్రయోగశాలకు తీసుకెళ్లకుండానే ఆమెకు అర్థమైంది. "మెత్తబడింది నాన్నా. ఆవిరికి కొంచెం కొంచెమే పోతది. గిన్ని ఏండ్లు... అన్నం ఉడికినప్పుడల్ల అమ్మ గొంతు పోయింది." ఆమె గ్యాసుపొయ్యి పక్కన గట్టు మీద కూలబడింది. "నేను ఈడనే కూసోని హోంవర్కు చేసుకున్న. ఈ మూత పక్కనే. తెల్వలే నాకు" అంటూ ఏడ్చేసింది. నలభై అయిదేళ్ల సైంటిస్టు, పదిమంది చేత పనిచేయించే మనిషి, పదేళ్ల పిల్లలా ఏడ్చింది. ఎస్తేరు ఆమె తల తన పొట్టకు ఆనించుకుని నిమిరింది.

బాలనర్సు మూతను చేతిలోకి తీసుకున్నాడు. ఏ పనివాడైనా పాత పనిని చూసుకున్నట్టే వేళ్లతో తడుముతూ పోయాడు. పట్టీ దగ్గర వేలు ఆగింది. పట్టీకీ మూతకీ మధ్య రెండు చెక్కముక్కలున్నాయి. కొత్తపెళ్లాం చెయ్యి కాలకూడదని పట్టీని రెండంగుళాల ఎత్తున నిలబెట్టి, వేడి పైకి పాకకుండా టేకు చెక్క పెట్టాడు అప్పట్లో.

"బిడ్డా, దీనికి వేడి తగల్లే. ఎన్నడూ తగల్లే. మీయమ్మ ఉత్త చేత్తోనే పట్టుకుంటది" అన్నాడు.

శీల కళ్లు తుడుచుకుని లేచింది. వేలెడు వెడల్పు పట్టీ. అందులో ఎంత ఉంటుందో ఆమెకు తెలుసు. "ఉంటే ఆరేడు సెకన్లు. మిషనుకు సరిపోదు. అమ్మ మాట్లాడలేదు దాంతోటి. పైగా అమ్మ మాటే ఉంటదని లేదు. ఎవరి దగ్గో, పిల్ల ఏడుపో ఉండొచ్చు."

ఈసారి ఎవరూ ఎవరినీ దాటి ఏమీ అనలేదు. తండ్రీకూతుళ్లిద్దరూ ఎస్తేరు వైపు చూశారు. ఆమె పలక మీద నిదానంగా రాసింది. "నాకొద్దు. ఈయన కోసం తియ్యి." కింద ఇంకో వరస. "పోయిన రేకు మాత్రం ఈయనే వెయ్యాలె. జనవరి ఆగొద్దు."

పట్టీని ఊడదీసింది బాలనర్సే. బుధవారం పొద్దున ప్రయోగశాలలో శీల దాన్ని పరికరంలో బిగిస్తుంటే అతను చేతులు ఒళ్లో పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. మొదట ఇంజన్ల బుర్రు. ఏదో గ్లాసు గలగలమంది. రేకులు కటకటమన్నాయి, వానమబ్బులో కుదుపు కాబోలు. అప్పుడు ఒక అమ్మాయి గొంతు వినబడింది. మైకులో కాదు, పక్కన కూర్చున్నవాళ్లతో అన్నట్టు మెత్తగా, కొంచెం నవ్వు కలిసి.

"భయపడకండమ్మా. ఈ రేకులు బిగించే ఆయన నాకు తెలుసు. చాలా మంచి పనివాడు."

అంతే. పట్టీ పరికరంలోనే మెత్తగా వాలిపోయింది.

బాలనర్సుకు ఆ గొంతు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. గడ్డం గీసుకుంటూ ఎంత గుంజినా రానిది, పేరు పిలిచినట్టు వచ్చేసింది. ఇన్నేళ్లూ అది అతనిలోనే ఎక్కడో ఉంది, దారి మాత్రమే మూసుకుపోయింది. అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

శీల తెరమీద గీతలు లెక్కబెట్టి, విమానం లాగ్‌బుక్కుతో సరిచూసి, ముక్కు ఎగబీలుస్తూ చెప్పింది. "డెబ్బై అయిదు. వానాకాలం అటూ ఇటూ."

బాలనర్సు చేతులు దించాడు. "డెబ్బై అయిదా? కాదు బిడ్డా. మీయమ్మతోటి నేను మొదటిసారి మాట్లాడిందే డెబ్బై ఆరు చివర్ల. అప్పటిదాంక నా పేరు గూడ ఆమెకు తెల్వదు. నేను తోకల దూరి పనిచేస్తుంటే నా పైనించి నడిచిపొయ్యేది. నేనొక్కణ్నే చూసేటోణ్ని." భార్యవైపు తిరిగాడు. "ఎవరి గురించి చెప్పినవే? రేకుల పనోళ్లం ఆరుగురం ఉంటిమి."

ఎస్తేరు చెవులదాకా ఎర్రబడింది. డెబ్బై మూడేళ్ల మనిషి పలకను గుండెలకు ఆనించుకుని రాసింది, ఎవరికీ కనబడకుండా. తర్వాత తిప్పి చూపించింది. "వాళ్లల్ల అందగాడు రెహమాను. నేను చెప్పింది నీ గురించి."

"మరెన్నడూ చెప్పకపోతివి?"

"చెప్పలేదా? చెప్పిన అనుకున్న."

"చెప్పలే."

ఆమె పలక తుడిచేసింది.

"మళ్లొక్కసారి పెట్టు బిడ్డా" అన్నాడు బాలనర్సు. శీల పెట్టింది. ఇరవై మూడేళ్ల అమ్మాయి మళ్లీ ఎవరికో ధైర్యం చెప్పింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంకొక్కసారి" అన్నాడు.

మూడోసారి పెట్టబోతుంటే ఎస్తేరు చెయ్యెత్తి ఆగమంది. కుర్చీ జరుపుకుని అతనికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది, కళ్లు మూసుకోవద్దని. అప్పుడు కూతురివైపు తల ఊపింది.

గొంతు మొదలవగానే ఆమె పెదవులు కదిలాయి. ఒక్క అక్షరం ముందు కాలేదు, వెనక కాలేదు. ఆరు సెకన్లపాటు ఎస్తేరు తన సొంత గొంతుతో మొగుడి మొహంలోకి చూస్తూ మాట్లాడింది.